తుర్కీ గుర్రంతో భావనపాడు దాకా

భావనపాడు వెళ్ళొచ్చినవాళ్ళంతా సముద్రం గురించి చెబుతారు. నేనూ వెళ్ళొచ్చాను. బస్సెక్కి కాదు, విజయనగరం నుంచి ఏడు రోజులు నడిచి వెళ్ళాను. తిరిగొచ్చాక మా ఆవిడ సముద్రం ఎలా ఉందని అడిగితే అందరూ చెప్పేదే చెప్పాను. చూసే ఉంటాను. కళ్ళు అటువైపే ఉన్నాయి కదా.

అడిగినవాళ్ళందరికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. చదివి నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోవచ్చు.

విజయనగరం

నేను పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుని. ఇరవై రెండేళ్ళుగా ఆవులకూ ఎద్దులకూ మందులు పోస్తున్నాను. గుర్రాలతో నాకు పరిచయం తక్కువ. ఆ కాస్త పరిచయం కూడా అప్పలస్వామి మావ వల్ల కలిగిందే. ఆయన మాకు చుట్టం కాదు, పాత జమీందారు గారి లాయంలో గుర్రాలు చూసినవాడు. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. లాయం పోయింది, జమీ పోయింది. ఊరి చివర ఒక పాకలో మావా, ఒక ఆడగుర్రమూ మిగిలారు. దాని పేరు బంగారి.

బంగారి తుర్కీ గుర్రం. కాబూలు అవతల, ఇసుకా ఎండుగడ్డీ తప్ప మరేమీ లేని మైదానాల్లో పుట్టిన జాతి. జట్కాకు కట్టే తట్టుల్ని చూసిన కళ్ళకి ఇది గుర్రమే కాదనిపిస్తుంది. ఒళ్ళు సన్నం, కాళ్ళు పొడుగు, మెడ నిటారు, జూలు ఉన్నా లేనట్టే. ఎండలో నిలబెడితే మాత్రం చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తుంది. గుప్పెడు ఉలవలతో పూట గడిపేస్తుంది. నీళ్ళు లేకపోయినా రోజంతా నడుస్తుంది. పెద్ద జమీందారు గారు కుర్రతనంలో కాబూలీ వర్తకుల దగ్గర ఇలాంటివి ఐదు కొన్నారట. వాటిని ఉత్తరాది నుంచి ఇక్కడి దాకా నడిపించుకొచ్చింది అప్పలస్వామి మావ తండ్రి. ఆ ఐదింటి సంతానంలో కొన్ని చచ్చిపోయాయి, కొన్ని అమ్ముడుపోయి జట్కా తట్టుల్లో కలిసిపోయాయి. కల్తీ లేనివి ఇక రెండే. ఒకటి బంగారి. రెండోది ఒక మగగుర్రం. దాన్ని జమీందారు గారి ఇంటి పెద్దావిడ మొక్కు తీర్చుకోవడానికి భావనపాడు దగ్గర ఒక స్వామి గుడికి పిల్లగా ఉన్నప్పుడే ఇచ్చేసింది.

బంగారికి పద్దెనిమిదేళ్ళు. రెండుసార్లు ఈనింది, రెండు పిల్లలూ దక్కలేదు.

"ఈ యేడు సూడి కట్టకపోతే మరి కట్టదు బాబూ," అన్నాడు మావ. "మా అయ్య నడిపించుకొచ్చిన జాతి నా సేతిలో సచ్చిపోతాది."

ఆ మాట నన్ను పట్టుకుంది. గుడి గుర్రాన్ని మేపే వంతు తవిటయ్య అనే రైతుదని కనుక్కుని ఒక కార్డు రాశాను. కార్డంటే మీకు తెలుసు కదా. పోస్టుమాను చదువుతాడు, మేష్టారు చదువుతాడు, అరుగు మీద పదిమంది వింటారు. పైగా దేవుడి గుర్రం. 'మా ఆడగుర్రాన్ని మీ మగగుర్రం చేత దాటించడానికి వస్తున్నాం' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇలా రాశాను: 'మా ఆడగుర్రమును తీసుకుని ఫాల్గుణమాసంలో స్వామివారి దర్శనమునకు వచ్చుచున్నాము. మేము వచ్చుసరికి మీ గుర్రమును సాదు చేసి ఉంచవలెను.' అది మనిషిని దగ్గరకు రానివ్వదని, కరుస్తుందని మావ విని ఉన్నాడు. తాడుకీ మనిషి చేతికీ అలవాటు చేయమని నా ఉద్దేశం. గౌరవంగా ఉంటుందని కింద ఆస్పత్రి సీలు కూడా వేశాను.

పది రోజులకి జవాబొచ్చింది. 'మీరు వ్రాసినట్లే చేసినాము. రావచ్చును.'

ఫాల్గుణం వచ్చేదాకా ఆగాం. బయల్దేరేనాడు మా ఆవిడ బూరెలు కట్టిచ్చింది. "ఆడపెళ్ళివారు కదా, ఉత్తచేతుల్తో వెళ్తారా?" అంది. అది మొదలు దారి పొడుగునా మాకదే పేరైపోయింది.

చీపురుపల్లి

మొదటి రోజు చెప్పుకోవలసింది నా చెప్పు గురించే. ఊరు దాటకముందే ఉంగటం తెగింది. చీపురుపల్లిలో మాదిగాయన కుట్టిపెట్టి, గుర్రాన్ని చూసి డబ్బులొద్దన్నాడు. "దీని కాళ్ళకి జోళ్ళు లేవు గదా, నీకెందుకు బాబూ?" అన్నాడు. ఐనా పదిహేను పైసలు చేతిలో పెట్టాను.

టీ దుకాణం దగ్గర ఒక ముసలమ్మ మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. పిల్లకి కోరింత దగ్గు. గాడిదపాలు పోస్తే తగ్గుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు, గాడిదే దొరకలేదట.

"గాడిద పాలకే తగ్గితే గుర్రం పాలకి తగ్గదేటి? ఒక్క ఉగ్గిన్నెడు పితుకు నాయనా."

"పిల్ల లేదమ్మా దీనికి. పాలెక్కడివి?" అన్నాడు మావ.

"మరి ఎందుకు తిప్పుతన్నారు?"

"పెళ్ళికి తీసికెల్తన్నాం."

ముసలమ్మ నవ్వలేదు. బంగారి మొహం నిమిరి, "పెద్దవయసులో పెళ్ళి," అంది. "అలగైనా నిలబడనీ."

ఆమదాలవలస

రెండో రోజంతా నడిచాం, మూడో రోజు మధ్యాహ్నానికి ఆమదాలవలస చేరాం. చెరుకు ఆడే రోజులు. బెల్లం వండే పొయ్యిల దగ్గర ఊరు ఊరంతా ఉంది. మా ఊళ్ళో బెల్లం అడిగితే తూకం వేస్తారు. ఇక్కడ వేడి వేడి పాకం అరటాకులో పోసి, చల్లారేదాకా కూచుని తిని వెళ్ళమన్నారు. బంగారికి చెరుకు చిగుళ్ళు వేశారు. పెళ్ళికూతురన్న మాట మాకన్నా ముందే అక్కడికి చేరినట్టుంది. ఒకావిడ బొట్టుపెట్టె తెచ్చి, బంగారి నుదుటి మీద ఇంత కుంకుమ పెట్టి, మెడలో పసుపు తాడు కట్టింది. మావ మొహం అటు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని తెలిసి నేను పాకం రుచి గురించి గట్టిగా మాట్లాడాను.

నోటితో ఎంత మాటైనా అనుకుంటాం. గుర్రానికి పెళ్ళని, శోభనమని ఆడామగా కలిసి వేళాకోళాలాడుతూనే ఉన్నారు. కాగితం దగ్గరికి వచ్చేసరికే మనకి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొస్తుంది. ఆ ముక్క అప్పుడు తోచలేదు.

శ్రీకాకుళం

నాగావళి వంతెన దిగగానే ఒక కానిస్టేబులు ఆపాడు. ఆ రోజుల్లో కొండల వైపు గొడవలుండటంతో దారిన పోయే ప్రతివాడినీ ఆపి, ఎక్కడి నుంచి ఎక్కడికని అడుగుతున్నారు.

"గుర్రం ఎవుల్ది? కాగితాలున్నాయేటి?"

మావ భుజాన ఉన్న ఎర్రగుడ్డ మూట విప్పాడు. అందులో లాయం పుస్తకం ఉంది. ఐదు గుర్రాలు వచ్చిన నాటి నుంచి ఏ గుర్రం ఏ తల్లికి, ఏ తండ్రికి, ఏ తిథిన పుట్టిందో గుమస్తాలు రాసిన పుస్తకం. మావకి చదువు రాదు. ఏ పేరు ఏ పుటలో ఎక్కడుందో మాత్రం వేలు పెట్టి చూపిస్తాడు. ఆఖరి పుటలో బంగారి పేరు, దాని కింద ఖాళీ. మా ప్రయాణం ఆ ఖాళీ కోసమే.

కానిస్టేబులు చాలాసేపు పుటలు తిప్పాడు.

"మా తాత పేరు నాకు తెల్దు," అన్నాడు. "దీనికి నాలుగు తరాలున్నాయా? ఎల్లండి."

ఆ పూట హోటల్లో ఇడ్లీ తిన్నాం, ప్లేటు పావలా. విజయనగరంలో ఇంత చట్నీ పోస్తే యజమాని దివాలా తీస్తాడు. మావ రెండు తిని, మూడోది ఆకులో పొట్లం కట్టి బంగారికి తెచ్చాడు. అది వాసన చూసి వదిలేసింది.

నరసన్నపేట దారి

ఎండ ముదిరింది. జీడితోటల్లో పళ్ళ వాసన ముక్కులు బద్దలు కొడుతోంది. సాలూరు లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, ఖాళీగానే వెళ్తున్నాను, గుర్రాన్ని ఎక్కించమన్నాడు. పలకలు వేశాం. బంగారి ముందుకాళ్ళు పలక మీద పెట్టి, ఒక్కసారి మా అందరినీ చూసి వెనక్కి దిగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాం. ఈసారి నా పంచె కొంగు పళ్ళతో పట్టుకుని సగందాకా చింపింది. లారీ క్లీనరు పగలబడి నవ్వాడు.

డ్రైవరు మాత్రం గుర్రం చుట్టూ తిరిగి, టైర్లు చూసినట్టు నాలుగు కాళ్ళూ చూశాడు.

"ఇలాటిది ఇంకోటి దొరకదా?" అన్నాడు.

"ఒక్కటి ఉన్నాది. దాని కాడికే ఎల్తన్నాం."

"అంటే స్పేరు లేదన్నమాట," అని, తన సీటు కింద నుంచి జీడిపప్పు పొట్లం తీసి నాకిచ్చాడు. "నెమ్మదిగా నడిపించండి."

టెక్కలి

ఆరో రోజు టెక్కలి చేరాం. ఇక్కడికి వచ్చేసరికి మాట మారిపోతుంది. సంతలో సగంమంది ఒరియా కలిపి మాట్లాడతారు. పిల్లలు "ఘొడా, ఘొడా" అని వెంటపడ్డారు. ఉలవలు అడ్డ కొలతకి రూపాయి పావలా అన్నాడు కొట్టువాడు. మా ఊళ్ళో రూపాయే అన్నాను. "మీ ఊళ్ళోనే కొనుక్కోలేకపోయావా?" అన్నాడు. సబబైన మాటే.

కొన్న ఉలవలు బంగారి ముట్టుకోలేదు. మాటిమాటికీ తోక పక్కకు పెట్టి, మగవాసన కోసం గాలి పీలుస్తోంది. నేను జబ్బనుకుని మందుల సంచీ విప్పబోయాను. మావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆరు రోజుల్లో ఆయన మొహం అంత వెలిగిపోవడం అప్పుడే చూశాను.

"మందెందుకు బాబూ? ఎదకొచ్చినాది. సరీగా ఏలకొచ్చినాది. రేపు దాటించీసినామంటే..." అని ఆపేశాడు. దిష్టి తగులుతుందని పైకి అనలేదు. ఎర్రగుడ్డ మూటని కళ్ళకద్దుకున్నాడు.

భావనపాడు

తవిటయ్య ఇల్లు ఊరికి ఇవతలే, సరుగుడు తోపు పక్కన. అరవై దాటిన రైతు. మమ్మల్ని దూరం నుంచి చూసి చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చాడు.

"రండి బాబూ. కార్డు సూసిన కాడి నుండీ మీ కోసమే సూస్తన్నాం."

ఆయన భార్య సూరమ్మ చోడి అంబలి, ఉల్లిపాయ, కాల్చిన నెత్తళ్ళు పెట్టింది. ఆకలి మీదున్నా మేం తినలేదు. పెరట్లో గుర్రం కనిపిస్తోంది.

అంత అందమైన జంతువుని నేను మళ్ళీ చూడను. బంగారి రంగే, ఇంకో చాయ ఎక్కువ. తాడు లేదు, కట్టుగొయ్య లేదు. సూరమ్మ దాని పక్కన కూచుని చేటతో గింజలు చెరుగుతోంది. అది చేటలోకి మూతి పెడితే మోచేత్తో తోస్తోంది.

"సూసినారా? పసిపిల్లైనా పట్టుకోవొచ్చు," అంది.

మావ బంగారిని తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. బంగారి సకిలించింది. ఒళ్ళంతా వణుకుతోంది. గుర్రం తలెత్తి చూసింది. దగ్గరకు వచ్చి మెడ వాసన చూసి, ఒక్క క్షణం నిలబడి, వెనక్కి వెళ్ళి గడ్డి అందుకుంది. మావ బంగారిని ఇంకోవైపు తిప్పి నిలబెట్టాడు. గుర్రం గడ్డి తింటూనే ఉంది.

అప్పుడు మావ దాని పక్కన గొంతుక్కూచుని పొట్ట కిందికి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు.

"సాదు సేసీసినారు, బాబూ," అన్నాడు.

ఆ మాట ఆయన నోట విన్నాక గానీ నాకు వినపడలేదు. మా ఆస్పత్రికి వారంలో రెండు రోజులు రైతులు కోడెల్ని తోలుకొస్తారు. దుక్కికి లొంగాలంటే ముందు వాటి వట్టలు నొక్కించాలి. వరుసలో ఆడవాళ్ళుంటారని ఆ పని పేరు ఎవరూ అనరు. కొందరు బాగు చేయించాలంటారు. మిగతా అందరూ సాదు చేయించాలంటారు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందలసార్లు విన్నానో! విని, పట్టకారు అందుకుని, పని చేసి పంపించానే! ఆ మాటే నా చేత్తో రాసి, కింద పశువుల ఆస్పత్రి సీలు వేశాను.

తవిటయ్యకి మా మొహాలు అర్థం కాలేదు. చూరులోంచి కార్డు తీసి తెచ్చాడు.

"మీరు రాసినట్టే సేసినాం గదా బాబూ. రెండు నెల్లయిపోనాది. స్వామి సొత్తని ఇన్నేళ్ళూ మేమెవులమూ ముట్టుకోలేదు. స్వామికి ఒగ్గీసిన ఆంబోతుని ఎవుడు ముట్టుకుంటాడు? కరిసినాది, తన్నినాది, ఊరేగింపులో జనాన్ని తొక్కీసినాది. ఓర్సుకున్నాం. మీ కార్డు మేష్టారి సేత సదివించినాం. ఆడగుర్రాన్ని తెస్తన్నారు, ఇది దాని మీద పడిపోకుండా ముందే సాదు సేయించమన్నారు గావాలనుకున్నాం. పూజారి గారు సీలు సూసి, గవర్నమెంటు మాట, దోసం లేదన్నారు. క్యాంపుకొచ్చిన కంపోండరు బాబు సేత నొక్కించినాం."

"పది దినాలు మేత ముట్లేదు," అంది సూరమ్మ. "నానే పక్కన కూకుని గంజి తాగించినాను."

ఎవరి మీద కోప్పడను? చేతిలో ఉన్నది నా దస్తూరీ. భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది.

"ఏటి రాసినాది బాబూ అందులో?" అన్నాడు మావ, కూచున్న చోటు నుంచి లేవకుండానే. కార్డు రాసినరోజు ఆయనకి చదివి వినిపించలేదు. రాశానని చెప్పానంతే.

చదివాను.

"ఇంకోపాలి సదువు."

మళ్ళీ చదివాను. మావ తల ఊపాడు. లేచి బంగారి మెడలోని పసుపు తాడు ముడి విప్పడానికి ప్రయత్నించాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. సూరమ్మ వచ్చి విప్పి పెట్టింది.

"తప్పు సేసినామేటి బాబూ?" అన్నాడు తవిటయ్య. ఆయన గొంతులో భయం మొదలైంది.

"మీ తప్పేం లేదు," అన్నాను. "నేను రాసిందే చేశారు."

ఆ పూట అంబలి తాగాం. వద్దంటే వాళ్ళు బాధపడతారు. తర్వాత నేను ఇసుక మీద కూచున్నాను. సముద్రం ఎదురుగానే ఉండి ఉంటుంది.

నౌపడ

మర్నాడు ఉప్పుమళ్ళ గట్టు మీదుగా నౌపడ దాకా వచ్చాం. మావ దారంతా బంగారికి అటుపక్కనే నడిచాడు. తిట్టినా బాగుండేది. స్టేషను కనబడగానే ఆగాడు.

"నువ్వు రైలెక్కీ బాబూ."

"కలిసే వెళ్దాం మావా. ఏడు రోజుల దారి."

"తోవ తెలిసిందే గదా. దాన్ని నాను తోలుకెల్తాను."

నాతో నడవడం ఆయనకి ఇష్టం లేదని అర్థమైంది. సరేనన్నాను. ఎర్రగుడ్డ మూట తీసి నా చేతుల్లో పెట్టాడు.

"ఇది నీ కాడ ఉండనీ. నాకు సదవడం రాదు."

కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆ మాట రాసినప్పుడు నువ్వేటనుకున్నావు బాబూ?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"మాలిమి చేయమని," అన్నాను.

"ఆ మాట రాస్తే సరిపోను గదా," అని బంగారిని తోలుకుంటూ వెళ్ళిపోయాడు. తెల్లటి ఉప్పుకుప్పల మధ్య దాని రంగు చాలాసేపు కనిపించింది.

మళ్ళీ విజయనగరం

వాళ్ళిద్దరూ తొమ్మిది రోజులకి చేరారు. పాక దగ్గరకి వెళ్తే మావ మంచం వాల్చి కూచోమన్నాడు. బంగారి డెక్కలకి మందు అడిగాడు, ఇచ్చాను. మర్యాదలో ఏమీ తేడా లేదు. బాబూ అనే పిలిచాడు. బంగారి మళ్ళీ ఎదకు రాలేదు. పుస్తకం మా ఇంట్లో ఉంది. ఆఖరి పుట తెరిచి చూడలేదు.

తిరిగొచ్చాక నేను ఆస్పత్రికి వెళ్ళిన మొదటి రోజే కోడెల రోజు పడింది. వరుసలో ముందున్నవాడు గజపతినగరం వైపు రైతు. వెనక వాళ్ళావిడ, కోడలు నిలబడ్డారు.

"కోడెని తెచ్చినాను బాబూ. సాదు సేయించాల."

"ఏం చేయించాలి?" అన్నాను.

"అదే బాబూ. సాదు."

"పేరు పెట్టి చెప్పు."

అతను ఆడవాళ్ళ వైపు చూసి తల దించుకున్నాడు. ఏమైంది ఈయనకి అని వరుసంతా నన్నే చూస్తోంది. నేను పట్టకారు బల్ల మీద పెట్టి మళ్ళీ అడిగాను.